ఏడు చిల్లులు

లోవర్ హట్ అనే ఊళ్లో, ఒక వర్క్‌షాపులో రెండు ఓడలు పక్కపక్కనే ఉన్నాయి. ఒక్కొక్కటీ పద్నాలుగు అడుగులు. వందేళ్ల కిందట కోటీశ్వరులు సముద్రాలు దాటిన విలాస నౌకలకి నమూనాలవి. ఒకటి గిరిధర్ కట్టాడు. రెండోది మహేంద్ర కట్టాడు.

మూడు గంటలకి హెలెన్ వస్తుంది. ఆమె ఒక సినిమా కంపెనీకి ఆర్ట్ డైరెక్టర్. ఇద్దరి ఓడలూ నీళ్లలోకి దింపించి, ఒకటి ఎంచుకుంటుంది. నెగ్గినవాడికి రెండేళ్ల పని. ఓడినవాడు సోమవారం నుంచి ఖాళీ. గిరిధర్ ఓడితే మళ్లీ సూపర్‌మార్కెట్లో అరలు సర్దుకోవాల్సిందే.

సినిమా కథ బయటికి పొక్కకూడదని కంపెనీ ఇద్దరిచేతా సంతకాలు పెట్టించుకుంది. ఇంట్లో భార్యకి కూడా చెప్పకూడదు. ఓడ మీద నడిచే ప్రేమకథ అని మాత్రం ఊరందరికీ తెలుసు.

"నా ఓడ చూశావా బావా? రివెట్లన్నీ గుండుసూది తలలే. పదకొండు వేలు. ఒక్కోటీ చేత్తో గుచ్చా," అన్నాడు మహేంద్ర.

"నాలుగు పొగ గొట్టాలెందుకురా? బాయిలర్లకి మూడు చాలుగా."

"ఆ రోజుల్లో నాలుగుంటేనే జనం టికెట్ కొనేవాళ్లు. నాలుగోది ఉత్తుత్తిదే. షోకి."

"నీలాగే అన్నమాట."

మహేంద్ర పకపకా నవ్వి కారు తాళాలు తీసుకున్నాడు. "హెలెన్‌ని స్టేషన్ నుంచి నేనే తీసుకొస్తా. దార్లో కాస్త మాట్లాడుకోవచ్చు."

"కాకా పట్టడం అంటారు దాన్ని."

"బిజినెస్ అంటారు బావా!"

పామర్‌స్టన్ నార్త్‌లో చదువుకునే రోజుల్లో ఇద్దరిదీ ఒకే ఫ్లాట్. పోయినేడాది గిరిధర్ గీసిన లైఫ్‌బోట్ల డ్రాయింగుల మీద మహేంద్ర తన పేరు రాసుకుని ఒక కాంట్రాక్టు కొట్టేశాడు. అయినా మాటలు మానలేదు. ఈ పరాయి దేశంలో తెలిసిన తెలుగు ఇళ్లు పది. అందులో ఒకదానితో తగువు పెట్టుకుంటే పండక్కి ఎవరింటికి వెళతారు?

కారు అలా వెళ్లిందో లేదో, మహేంద్ర భార్య కావ్యశ్రీ టిఫిన్ బాక్సుతో వచ్చింది.

"అయ్యో, ఇప్పుడే వెళ్లారా? పొద్దున్నించీ ఏమీ తిన్లేదన్నయ్యా ఆయన."

బాక్సు బల్ల మీద పెట్టి, ఫోన్ తీసి భర్త ఓడకి ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. పైనుంచి తీసింది. పక్కనుంచి తీసింది. కిందనుంచి తీద్దామని వంగి, అలాగే ఉండిపోయింది.

"ఇవేంటన్నయ్యా? చిల్లులా?"

గిరిధర్ టార్చి వేసి చూశాడు. నల్లరంగు వేసిన అడుగుభాగంలో, కనీకనిపించకుండా, ఏడు.

"చిల్లులేనమ్మా."

"నీళ్లలోకి దింపితే?"

"పది నిమిషాలు. తర్వాత అడుక్కి."

కావ్యశ్రీ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఆయన చూసుకోలేదా?"

"మహేంద్ర పనిలో పొరపాటు ఉంటుందని నేను మాత్రం అనను."

"ఆర్నెల్ల కష్టం అన్నయ్యా! ఇంటి లోనుకి కూడా అప్లై చేశాం. ఫోన్ చేస్తుంటే ఎత్తట్లేదు. మీరే ఏదోటి చెయ్యండి."

"నేనా? అవతలివాడి ఓడ మీద చెయ్యి వేస్తే బావుండదమ్మా."

"మీరు కాకపోతే ఇంకెవరు చేస్తారు? మీకు దణ్ణం పెడతా."

గిరిధర్ గడియారం వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. పెద్దగా నిట్టూర్చి పుట్టీ డబ్బా అందుకున్నాడు.

కావ్యశ్రీ టార్చి పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు... ఏడూ పూడ్చాడు. వేడిగాలితో ఆరబెట్టాడు. పైన నల్లరంగు రాశాడు. తన సొంత ఓడకైనా అంత శ్రద్ధగా చేసి ఉండడు.

"ఆయన మీ గురించి ఏవేవో అంటుంటారన్నయ్యా. ఇక ఒక్కమాట కూడా నమ్మను."

"ఇది వాడితో చెప్పకమ్మా. చిన్నబుచ్చుకుంటాడు."

సరిగ్గా మూడింటికి హెలెన్ వచ్చింది. ఆవిడ వెనకే మహేంద్ర, ఆవిడ సంచీ మోస్తూ.

"ముందు నాది!" అన్నాడు, చేతులు రుద్దుకుంటూ.

గొలుసులు కదిలాయి. మహేంద్ర ఓడ పెద్ద తొట్టిలోకి దిగింది. కిటికీల్లో దీపాలు వెలిగాయి. డైనింగ్ హాల్లో గోరంత షాండిలియర్ మెరిసింది. ఐదు నిమిషాలు. పది. పదిహేను. ఓడ మహారాణిలా తేలుతోంది. ఒక్క చుక్క నీరు లోపలికి పోలేదు.

కావ్యశ్రీ అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. ఎవరూ చూడకుండా గిరిధర్ వైపు తిరిగి చేతులు జోడించింది. మహేంద్ర తొట్టి అంచున మోకాళ్ల మీద కూర్చున్నాడు. కన్నార్పకుండా ఓడనే చూస్తున్నాడు.

హెలెన్ పుస్తకంలో ఏదో రాసుకుని, రెండో ఓడ దింపమంది.

గిరిధర్ ఓడ నాలుగు నిమిషాలు తేలింది. ఐదో నిమిషంలో ముక్కు కిందికి వాలింది. దీపాలు ఒక్కో అంతస్తులో వరసగా ఆరిపోయాయి. వెనకభాగం గాల్లోకి లేచింది. ఇత్తడి ప్రొపెల్లర్లు ఒక్కసారి తళుక్కుమన్నాయి. తర్వాత బుడగలు. అంతే.

"అయ్యో అన్నయ్యా!" కావ్యశ్రీ ఏడ్చేసింది. "మా ఓడ చిల్లులు పూడుస్తూ మీది చూసుకోలేదే!"

మహేంద్ర గిరుక్కున తిరిగాడు. భార్యని చూశాడు. గిరిధర్ గోళ్లలో నల్లరంగు చూశాడు.

హెలెన్ పుస్తకం మూసి, నేరుగా గిరిధర్ దగ్గరికొచ్చి చెయ్యి చాపింది.

"సోమవారం కెమెరా ముందు కూడా సరిగ్గా ఇలాగే మునుగుతుందా, గిరిధర్?"