హాల్లో పడుకునే ఆయన

“అడుగు,” అంది అత్తగారు, మోచేత్తో పొడుస్తూ.

కోడలు గొంతు సవరించుకుంది. ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పే పని ఆమెది. పని మధ్యలోంచి లేచి వచ్చినట్టుంది, మెడలో ఈల అలాగే వేలాడుతోంది. జుట్టు వేలెడంత.

ఆ జుట్టు చూడగానే నర్సుకి సంగతి అర్థమైపోయింది. క్యాన్సర్ ఆస్పత్రిలో ఈ చిన్న గది ఆవిడ పట్టుబట్టి పెట్టించుకున్నది. ఇక్కడ పేరడగరు, ఫైలు చూడరు. డాక్టరు ముందు నోరు పెగలనివన్నీ ఇక్కడ అడగొచ్చు.

“ఆపరేషనై ఏడాదైంది సిస్టర్,” అంది కోడలు. “మందుల గురించి చెప్పారు, తిండి గురించి చెప్పారు. మొగుడూ పెళ్ళాలు మళ్ళీ దగ్గరవ్వొచ్చో లేదో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.”

నర్సు అత్తగారి వైపు చూసింది. గిర్రున తిరిగే ఫ్యాను కింద, తలమీదుగా శాలువా కప్పుకుని కూర్చుంది ఆవిడ.

“పెద్దమ్మగారూ, మీరు కాసేపు బయట కూర్చుంటారా? అమ్మాయి మొహమాటపడుతుంది.”

“దానికి మొహమాటమా!” అంది అత్తగారు. “నేను వినడానికే వచ్చాను. మీరు చెప్పండి.”

నర్సు నవ్వేసింది. “నిక్షేపంగా దగ్గరవ్వొచ్చు. ముట్టుకుంటే జబ్బు తిరగబెట్టదు, ఆయనకి అంటుకోదు. ఇంతకీ ఆయనేమంటారు?”

“ఏమీ అనరు. ఎక్కడ చెయ్యేస్తే ఎక్కడ నొప్పి పుడుతుందోనని హాల్లో పడుకుంటున్నారు.”

“వెర్రి మనిషి,” అని గొణిగింది అత్తగారు. “నొప్పి సంగతి అడుగు.”

“అడుగుతున్నా, ఉండండి!”

“లోపల పొడిబారితే నొప్పుంటుంది. దానికి జెల్ దొరుకుతుంది, సిగ్గుపడకుండా వాడాలి. తొందరేం లేదు. ముందు పక్కన పడుకుని కబుర్లు చెప్పుకోండి, ముద్దులు పెట్టుకోండి. ఎక్కడ బాగుందో, ఎక్కడ వద్దో నోరు తెరిచి చెప్పాలి. మచ్చ చూపించాలనిపిస్తే చూపించు, లేదంటే బట్ట ఉంచుకో. వాళ్ళు తీసేసింది ఒక రొమ్మునే తల్లీ, నిన్ను కాదు.”

కోడలు ఏదో చెప్పబోయింది. అత్తగారు బల్లకింద ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది.

“ఇలాంటి అత్తగారు ఇంటికొకరుంటే నాకిక్కడ పనుండదు,” అంది నర్సు.

“ఇలాంటి కోడలుంటే, అనండి.”

“ఆయన్ని కూడా తీసుకొస్తే ఇద్దరికీ కలిపి చెప్పేదాన్ని.”

“వచ్చారుగా! బయట బెంచీ మీద పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.”

“అయితే పిలువు.”

కోడలు అత్తగారి వైపు చూసింది. ఆవిడ శాలువా సవరించుకుని, నిటారుగా కూర్చుని తలూపింది.

కోడలు లేచి తలుపు తీసింది.

“మామయ్యా, రండి, అత్తయ్య పిలుస్తున్నారు!”