ఇన్‌చార్జి ధ్రువీకరణ

ఆఫీసు గుమ్మం దాటి లోపలికి రెండడుగులు వేసిన సుమిత్ర ఉన్నట్టుండి ఆగిపోయింది. చేతిలోని దరఖాస్తును గుండెకు అదుముకుని వెనక్కి తిరిగింది.

"ఏమ్మా, ఏడికి పోతున్నవ్?" కేకేశాడు గుమాస్తా దేవరాజ్. "ఇయ్యాల్నే ఆఖరు. ఐదు కొడితే ఆన్‌లైన్ బంద్ అయితది. మళ్ల నన్ను అనొద్దు."

అప్పటికే నాలుగు దాటింది. ఆమె అలాగే నిలబడిపోయింది.

జహీరాబాద్‌లోని ఆ శిక్షణ కేంద్రంలో మూడు నెలల నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు నడుస్తోంది. భర్త వదిలేసిన ఆడవాళ్లకు ఫీజు మాఫీ. పైగా నెలనెలా బస్సుకూ భోజనానికీ కొంత ఇస్తారు. కోర్సు పూర్తయితే దవాఖానాలో నౌకరి. ఆమె చిరాగ్‌పల్లి నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చి, ఇంతసేపూ బయట వరుసలో నిలబడింది అందుకే.

చివరికి వెనక్కి వచ్చి, దరఖాస్తు దేవరాజ్ ముందు పెట్టబోయింది.

"నాకు కాదు. ఇన్‌చార్జి సార్‌కియ్యి."

పక్క బల్ల దగ్గర కూర్చున్న ఇన్‌చార్జి మహిధర్ బదిలీ మీద వచ్చి రెండు వారాలే అయింది. నెమ్మదైన మనిషని అప్పుడే పేరొచ్చింది. ఆయన కాగితం అందుకుని, మొదటి పేజీ చదివి, బోర్లించి బల్ల మీద పెట్టాడు.

"కూర్చోండి," అన్నాడు.

ఆమె కూర్చోలేదు.

"సార్ అంతటోడు కూసోమంటుంటే..." అని దేవరాజ్ కంప్యూటర్ వైపు తిరిగాడు. "పేరు? వయసు?"

"సుమిత్ర. ముప్పై ఆరు."

"మీ ఆయన ఎప్పుడు ఇడ్సిపెట్టిండు?"

"పదకొండేండ్లాయె."

"ఎందుకు? కొట్లాడినవా?"

బెంచీ మీద వంతు కోసం కూర్చున్న ఆడవాళ్లు తలలెత్తి చూశారు. సుమిత్ర కొంగును భుజాల చుట్టూ లాక్కుంది.

"కొట్లాడలే సార్. గిట్లనే మూడు నెల్ల ట్రైనింగ్ ఉందని పట్నం పోయిండు. అప్పట్ల ఫీజు మాఫీలు ఏం లేకుండె. నా కమ్మలు అమ్మి కట్టినం. నౌకరి దొరకంగనే వచ్చి తోల్కపోత అన్నడు."

"వచ్చిండా మరి?"

"నౌకరి దొరికింది. ఆయన రాలే."

దేవరాజ్ ఫక్కున నవ్వాడు. "కమ్మలు అమ్మి మరీ మొగణ్ని సాగనంపినవన్నట్టు!"

బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. మహిధర్ చెవులు ఎర్రబడ్డాయి.

"దేవరాజ్! అడగాల్సినయే అడుగు."

"ఫారంల ఉన్నదే అడుగుతున్న సార్. కారణం రాయాలె గద." దేవరాజ్ మళ్లీ ఆమె వైపు తిరిగాడు. "ఇప్పుడు ఏడున్నడో ఎరికేనా? అసలు బతికే ఉన్నడా?"

సుమిత్ర కిటికీ వైపు చూస్తూ అంది.

"ఉన్నడు సార్. బాగనే ఉన్నడు."

"పిల్లలు?"

"ఒక్క బిడ్డ."

"ఏం చదువుతుంది?" ఈసారి అడిగింది మహిధర్.

"అది ఫారంల లేదు సార్," అన్నాడు దేవరాజ్.

ఆమె దేవరాజ్‌కే జవాబు చెప్పింది. "ఇంటర్. బైపీసీ. డాక్టర్ అయిత అంటది. దాని కోసమే ఈడ నిలబడ్డ. లేకుంటే ఎప్పుడో వాపస్ పోతుంటి."

మహిధర్ తల దించుకున్నాడు. బల్ల మీది పేపర్‌వెయిట్‌ను అటు జరిపాడు, ఇటు జరిపాడు.

"సరే, రుజువేది?" అడిగాడు దేవరాజ్.

ఆమె సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చింది. పంచాయతీ వాళ్లు రాసిచ్చిన ఉత్తరం.

"సీల్ లేదేంది?"

"సెక్రెటరీ సార్ లీవుల ఉన్నడు. సీల్ ఆయన తాన్నే ఉందంట."

"సీల్ లేకుంటే చెల్లదు. విడాకుల కాయితం ఉందా? కేసన్న పెట్టినవా?"

"లేదు సార్."

"మొగడు ఇడ్సిపెట్టిండని నీ నోటితోని చెప్తే నడవదమ్మా. అందరు గట్లనే చెప్తరు. మొగణ్ని ఇంట్ల పెట్టుకొని వచ్చి పైసలు తీస్కపోయేటోళ్లను ఎంతమందిని చూడలే!"

సుమిత్ర కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. దరఖాస్తు వెనక్కి తీసుకోవడానికి చెయ్యి చాపింది.

మహిధర్ కాగితం మీద అరచెయ్యి పెట్టాడు.

"ఉండండి. దేవరాజ్, రుజువు లేకపోతే ఇన్‌చార్జి సొంతంగా విచారించి రాయొచ్చని రూల్స్‌లో ఉంది కదా?"

"ఉంది గానీ, ఎవ్వరు రాయరు సార్. రేపు ఆడిట్ల 'మీకెట్ల తెలుసు' అని అడిగితే మీ నౌకరి మీదికొస్తది."

"అడగనియ్. చెప్త."

పెన్ను తీశాడు. వెనక పేజీలో ఖాళీగా ఉన్న చోట రాశాడు: 'ఈమెనూ, ఐదేళ్ల కూతురినీ భర్త పదకొండేళ్ల క్రితం వదిలేసి వెళ్లాడు. ఇందులో ఈమె తప్పేమీ లేదు. ఈ విషయం నాకు స్వయంగా తెలుసు.' కింద సంతకం చేసి, పూర్తి పేరు రాశాడు.

తలెత్తి ఏదో అనబోయాడు. సుమిత్ర అప్పటికే దూరంగా వెళ్లి, గోడ వైపు తిరిగి నిలబడి ఉంది.

స్కాన్ చేయడానికి దేవరాజ్ కాగితం తీసుకున్నాడు. వెనక పేజీ అయింది. ముందు పేజీ పెట్టబోతూ ఆగాడు. కాగితాన్ని తిప్పి చూశాడు. మళ్లీ తిప్పాడు. అతని మొహంలో ఇందాకటి వెటకారం మాయమైంది.

'భర్త పేరు' అన్న గడిలోనూ, వెనక సంతకం కిందా ఉన్నది ఒకటే పేరు.