కట్టని నరం

“మా తమ్ముణ్ణి కోసి పడేసిన డాక్టరమ్మ ఎక్కడ?”

మెకానిక్ కేకకి ఎమర్జెన్సీ వరండా అంతా ఉలిక్కిపడింది.

అతని కడుపుమంట అతనిది. పొద్దున లారీ గుద్దిన తమ్ముణ్ణి ఇక్కడికి తెచ్చారు. ఎవరో డాక్టరమ్మ వాడి ఛాతీని అడ్డంగా కోసిందట. తర్వాత పై అంతస్తులో కుట్లు వేశారు. మధ్యాహ్నానికి లోపల నెత్తురు నిండిపోతే మళ్లీ విప్పారు. ఆమె కోసిన చోట, ఎముక పక్కన నరం తెగిందట. కట్టకుండా వదిలేశారట. నర్సుల మాటలు అతని చెవిన పడ్డాయి.

ఆమె డ్రెస్సింగ్ గది గుమ్మంలో నిలబడి ఉంది. కోటు నిండా ఎండిన నెత్తురు.

“నేనే. మీ తమ్ముడికి ఎలా ఉంది?”

“సిగ్గులేకుండా అడుగుతున్నావా? నట్టు బిగించకుండా బండి అప్పజెబితే మా షెడ్డులో చెప్పు తెగేదాకా కొడతాం!”

“కాస్త నా మాట వినండి...”

“నీ సోది ఎవడిక్కావాలి? డాక్టరువా, కసాయిదానివా?”

ఆమెను లోపలికి తోసి, ఇనుప తలుపు ధడాలున వేశాడు. ఆమె వేళ్లు సందులో నలిగాయి.

“అమ్మా!”

తగిన శాస్తి జరిగిందనుకున్నాడు. జాలి మాట అటుంచి, మరోసారి తలుపు వెయ్యాలనిపించింది కూడా. వార్డు బాయ్‌లు పరుగున వచ్చి అతన్ని పక్కకి లాగేశారు. ఆమెను ఎక్స్‌రేకి తీసుకెళ్లారు.

కాసేపటికి పెద్ద సర్జన్ మెట్లు దిగి వచ్చాడు.

“మీవాడు గండం గట్టెక్కాడు.”

“ఆవిణ్ణి మాత్రం వదలను సార్. నరం కట్టకుండా వదిలేస్తుందా?”

“మూసేటప్పుడు చూసి కట్టాల్సింది నేను. అప్పటికి బీపీ బాగా తక్కువగా ఉండి అది కారలేదు, నా కంటికి ఆనలేదు. ఆవిడ కోసినప్పుడైతే ఆ నరంలోంచి చుక్క కూడా రాలేదు.”

“నరం తెగితే నెత్తురు రాకపోవడమేంటి సార్?”

“నువ్వు మెకానిక్‌వి కదా. ఆగిపోయిన ఇంజన్‌లో పైపు తెగితే ఆయిల్ చిమ్ముతుందా?”

“ఎలా చిమ్ముతుంది? ఇంజన్ స్టార్టయితేనే కదా...”

అతను సర్జన్ చెయ్యి పట్టుకున్నాడు.

“అంటే... మావాడి గుండె?”

“ఆగిపోయే వచ్చింది. ఛాతీ తెరిచి, గుండెను గుప్పిట్లో పట్టుకుని, అది తనంతట తాను కొట్టుకునేదాకా పిసుకుతూనే ఉంది ఆవిడ.”

మెకానిక్ ఇనుప తలుపు వైపు చూశాడు.

దాని సందులో తను నలగ్గొట్టింది తమ్ముడికి ప్రాణం పోసిన చేతినే.