పైపు అవతలి కొస

కొత్త ఇంట్లో కరెంటు పని ఒక్క గోడకే మిగిలింది. తెల్లారితే ఇంటివాళ్లు సామాను దింపుకుంటారు. అందుకే చీకటి పడ్డా ఎలక్ట్రీషియన్ టార్చి చంకలో ఇరికించుకుని, కింది హాల్లో స్విచ్చుల పెట్టెలోంచి గోడ పైపులోకి ఉక్కు స్ప్రింగు తోస్తున్నాడు. పై గదిలో దాని కొస అందుకుని, వైరు కట్టి, రెండుసార్లు గుంజడం బావమరిది పని. ఆ గుర్తు అందగానే ఈయన కిందికి లాగుతాడు. ఏళ్ల తరబడి ఇద్దరికీ అదే అలవాటు.

పైన అడుగుల చప్పుడైంది.

"వచ్చావా దొరా? ఇప్పుడా తెల్లారింది తమరికి?" అని, బావమరిది బయటి మెట్లెక్కి పైకి వచ్చాడనుకుని కేకేశాడు.

ఇంతలో స్ప్రింగును పైనుంచి ఎవరో రెండుసార్లు గుంజారు. ఎలక్ట్రీషియన్ లాగడం మొదలుపెట్టాడు. వైరుకంటే బరువుగా ఉంది. పైపు లోపల ఏదో గోడను గీరుకుంటూ, ఆగి ఆగి దిగుతోంది.

అప్పుడు వీధి తలుపు కిర్రుమంది.

"ఏమనుకోకు బావా, దారిలో బండి మొరాయించింది," అంటూ బావమరిది రొప్పుతూ లోపలికొచ్చాడు. వైరు చుట్ట అతని భుజానే ఉంది. దాని కట్టు కూడా విప్పలేదు. పై గది తాళంచెవి అతని వేలికి వేలాడుతోంది. "నేను రాకుండానే ఏం లాగుతున్నావ్?"

ఎలక్ట్రీషియన్ స్ప్రింగు వదిలేసి గబుక్కున వెనక్కి జరిగాడు.

స్ప్రింగు ఆగలేదు. ఎవరూ లాగకుండానే పెట్టెలోంచి జారి, చుట్టలు చుట్టలుగా నేలమీద పడుతోంది. గోడలో ఆ గీరే చప్పుడు మెల్లగా ఎలక్ట్రీషియన్ తల ఎత్తుకి దిగింది.