గేటు లోపలి దీపం

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది ఆదోని కొండ కింది పాత సమాధుల ఆవరణకు సర్కారు ఇనుప ఊచల గేటు పెట్టించి, ఇది జాతి సంపద అని బోర్డు తగిలించింది. నసీబ్‌బీ మొగుడు గఫూర్ సాబ్ గోరీ కూడా ఆ ఆవరణలోనే ఉంది. మసి పట్టి రాళ్లు చెడతాయని దీపాలు వద్దన్నారు. అంతవరకు ప్రతి గురువారం దీపం పెట్టిన ఆమె ఆనాటి నుంచి మానేసింది. అయినా ప్రతి గురువారం రాత్రి ఆ గోరీ మీద దీపం వెలుగుతూనే ఉంది.

"గోడ దూకుతాండావా అవ్వా? నా ఉద్యోగం పోతాది," అంటూ కాపలాదారు శేషన్న వారం వారం వచ్చి తగులుకునేవాడు.

ఆమెకు విసుగెత్తిపోయింది. "మంచం దిగాలంటేనే గోడ పట్టుకునేదాన్ని, దాన్ని దూకుతానా అప్పా? పద, ఈ పొద్దు గురువారమే గదా, నీ పక్కనే కూర్చుంటా. నూనె సీసా కూడా నా ఒళ్లోనే ఉంటాది."

ఇద్దరూ గేటు బయట కూర్చున్నారు. చాలాసేపటికి కీచురాళ్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. లోపల దీపం వెలిగింది.

"సూస్తివా? ఇంక నా ఇంటి మీదికి రావద్దు," అంటుండగానే ఒళ్లో సీసా తేలికైనట్టు తోచింది. మూత బిగించినట్టే ఉంది. నిండుగా తెచ్చిన నూనె సగానికి దిగింది.

శేషన్న తాళం తీసి గేటు నెట్టాడు. కదల్లేదు. "దీనికి లోపల గొళ్లెమే లేదు గదవ్వా," అన్నాడు.

లోపల ఎవరో పొడిగా దగ్గారు. కాపురమంతా పక్కన విన్న దగ్గు.

నసీబ్‌బీ ఊచలు పట్టుకుంది. "సర్కారు నన్ను బయట పెట్టె, సరే. నువ్వెందుకు పెడితివి?"