బిళ్ళ ఆపిన గంట

చెవి వెనక శాంతిబిళ్ళ లేనిది ఇప్పుడు ముసలివాళ్ళకే. అది ఉంటే మనసులో చెడ్డ తలపు పుట్టదు. జైళ్ళన్నీ మూతపడ్డాయి. రాహేలమ్మ కొడుకుని పొడిచి చంపిన తీతుకి కూడా బిళ్ళ పెట్టి వదిలేశారు. ప్రతి ఆదివారం వాడొచ్చి ఆమెకి నీళ్ళు మోసి, "క్షమించు పిన్నమ్మా" అని కాళ్ళు పట్టుకునేవాడు.

"అడిగేది నువ్వా, బిళ్ళా?" అని మూడేళ్ళు మొహం తిప్పుకున్న రాహేలమ్మ, చివరికి పాస్టరుగారి దగ్గరికి వెళ్ళింది.

"ఏదెను తోటలో తినొద్దన్న చెట్టుకి దేవుడే కంచె వెయ్యలేదు గదయ్యా! ఒక్క గంట ఆ బిళ్ళ ఆపించండి. వాడంతట వాడు అడిగితే క్షమిస్తా."

ఆయన అధికారుల్ని బతిమాలి అనుమతి తెచ్చారు. ఆ ఆదివారం రాహేలమ్మ వంటింట్లోనే బిళ్ళ ఆపారు. తీతు ఆమెని తేరిపార చూశాడు.

"అబద్ధమెందుకు పిన్నమ్మా? నీ కొడుకు బతికొస్తే మళ్ళీ పొడుస్తా."

రాహేలమ్మ కూరలు తరిగే కత్తి అందుకుంది. పాస్టరుగారు ఒక్క ఉదుటున ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఆ చేతిని చూసుకుని ఆమె గోడవారగా కూలబడింది.

"నాక్కూడా పెట్టించండయ్యా, ఆ బిళ్ళ."