ఎర్రరంగు పడిన తలుపు

"ఎవరు గీశారిది? లేచి నిలబడండి!"

ఎనిమిదో తరగతి గదిలోకి దూసుకొచ్చి, గోడకున్న పెద్ద చార్టు మీద అరచేత్తో ఫట్‌మని కొట్టాడు మేడింటాయన. ముందు బెంచీ పిల్లలు ఉలిక్కిపడ్డారు.

చార్టులో ఉన్నది బడి ఎదురుగా ఉన్న వీధి. ముప్పై ఎనిమిదేళ్ల కిందట వరద ముంచెత్తిన మధ్యాహ్నం ఆ వీధిలో ఏం జరిగిందో పిల్లలు ఇల్లిల్లూ తిరిగి, పెద్దవాళ్లని అడిగి గీశారు. నీళ్లలో చిక్కుకున్నవాళ్ల కోసం తెరుచుకున్న తలుపులన్నిటికీ ఆకుపచ్చ రంగు వేశారు. తెరుచుకోనిది ఒక్కటే. అప్పట్లో వీధి మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క మేడ. దాని తలుపుకి ఎర్రరంగు.

"నేనే గీశాను." కిటికీ పక్కనున్న అమ్మాయి లేచింది.

"నువ్వు దర్జీ మనవరాలివి కదూ? మీ ఇంట్లోవాళ్లు నూరిపోసిన విషమా ఇది?"

"ఆ పిల్లనేం అనకండి." సోషల్ టీచరు బల్ల దాటి ముందుకొచ్చింది. "ఈ పని నేను చెప్పాను. అడిగేదేదో నన్నడగండి."

"నిన్నే అడుగుతున్నానమ్మా! పాఠాలు చెప్పమంటే మా కొంపల మీద పడతావేం? పుస్తకంలో రాజులు లేరా? యుద్ధాలు లేవా?"

"ఉన్నాయి. ఈ వీధి కూడా పాఠమే."

"ఏం పాఠం? నా పరువు తీసే పాఠమా? నిన్న మీ ప్రదర్శనకి వచ్చిన ప్రతివాడూ పొద్దున్నుంచీ నా వంక అదోలా చూస్తున్నాడు. ఆ రోజు మేం ఊళ్లోనే లేం. పెళ్లికెళ్లాం. తాళం వేసిన తలుపు దానంతటది తెరుచుకుంటుందా?"

"మీ మాట కూడా రాద్దామనే పిల్లలు మీ ఇంటికొచ్చారు. గేటు దగ్గర్నుంచే తరిమేశారు మీరు."

"మరి ఎవరు చెప్పారు నీకు నేను ఇంట్లో ఉన్నానని? పేరు చెప్పు. కాళ్లు విరగ్గొడతా!"

"పేరు చెప్పనని మాటిచ్చి అడిగాం. చెప్పను."

"అయితే అంతా కట్టుకథే! సాయంత్రంలోగా ఇది చించెయ్యకపోతే నిన్ను కోర్టుకీడుస్తా."

"ఆ వేళ మీ తలుపు కొట్టింది మా మేనత్త, తాతగారూ." దర్జీ మనవరాలు కోపంగా అంది. "తనకప్పుడు తొమ్మిదేళ్లు. ఈ బళ్లోనే చదివేది. ఇంటిదాకా పోలేక మీ మెట్లెక్కింది. మళ్లీ దొరకలేదు."

"నాకేం తెలుసు? ఇంట్లో లేనివాణ్ణి." ఆయన ఆ పిల్ల వంక చూడకుండా చార్టుకేసి చూస్తూ అన్నాడు.

టీచరు బల్ల మీదున్న నోటుబుక్కు అందుకుని తెరిచింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. గొంతు మాత్రం పెంచలేదు.

"మాకు చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాం. వినండి. 'పిల్ల కొడుతూనే ఉంది. ఆయన గడియ పట్టుకుని నిలబడ్డారు. దీన్ని రానిస్తే వెనకాలే వీధంతా వచ్చి నెత్తినెక్కుతుంది, కాసేపు కొట్టి అదే పోతుందిలే, అన్నారు.'"

"అబద్ధం!" మేడింటాయన గావుకేక పెట్టాడు. "అదే పోతుందిలే అని నేననలేదు! కాసేపు చూద్దాం అన్నానంతే!"

ఎవరి చేతిలోంచో పెన్సిలు జారి కిందపడింది. ఎవరూ దాన్ని తియ్యలేదు.

"పెళ్లికెళ్లారన్నారు కదండీ," అంది టీచరు.

ఆయన చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. లోగొంతుకతో, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు: "అది తలుపు లోపల అనుకున్న మాట. ఆ వరద హోరులో గుమ్మం బయటికి వినపడదు. మీకెలా..."

తలుపు తోసుకుని అటెండరు తొంగిచూశాడు. "మేడమ్, పిల్లలతో మాట్లాడతానని ఒకావిడ వచ్చారు. ఇప్పుడే మాట్లాడాలట."

అతని వెనకాల నుంచి లోపలికొచ్చింది మేడింటాయన భార్య.

"నువ్వా?" అన్నాడాయన.

ఆమె ఆయన్ని దాటుకుంటూ నడిచింది. టీచరు వేసిన కుర్చీలో కూర్చోలేదు. నేరుగా దర్జీ మనవరాలి బెంచీ దగ్గరికెళ్లి ఆగింది. ఆ పిల్ల కళ్లలోకి చూడ్డానికి ఆమెకి కాస్త సమయం పట్టింది.

"మొన్న నీకు సగమే చెప్పానమ్మా," అంది. "ఆ వేళ ఆయన గడియ తియ్యబోయారు. తియ్యనివ్వకుండా ఆయన చెయ్యి పట్టుకున్నది నేను. అదే పోతుందిలే అన్నదీ నేనే."